మీటరు ముల్లు ఎనభై మీద

కొత్త టైర్లు బిగించాక ఊరుకోలేక లారీ ఓనరుకు చెప్పేశాను.

"సార్, ఇవి పాత సైజు కావు. రిమ్ముకు పడతాయి గానీ మూడు వేళ్ల ఎత్తు ఎక్కువ. స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటాయి."

"రాసుకుంటే మడ్‌గార్డు కొయ్యి. బండి ఎత్తుగా కనపడాలి, అంతే. టైర్లు మార్చేవాడివి, నాకే క్లాసు పీకుతావా?"

ఒళ్లు మండింది. ఇలాంటి మొద్దులకు లారీలు, లెక్క తెలిసిన నాకు గోళ్ల నిండా గ్రీజు! రోడ్డు అవతల టీ తాగుతున్న ఈ లారీ డ్రైవరు మా అక్క మొగుడు. ఆ సంగతి వీడికి తెలియదు. బావ కోసమే కోపం దిగమింగి, సుద్దముక్కతో నేల మీద రెండు చక్రాలు గీశాను.

"పెద్ద చక్రం ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం చుట్లే లెక్కపెడుతుంది. ముల్లు ఎనభై మీదుంటే బండి ఎనభై ఐదులో ఉరుకుతుంటుంది. మీటరు సరిచేయించండి సార్, లేకపోతే డ్రైవరు ప్రాణం మీదికొస్తుంది."

ఓనరు వంగి నా గీతలను శ్రద్ధగా చూశాడు. హమ్మయ్య, బుర్రకెక్కింది అనుకున్నాను.

అతను గొంతు తగ్గించాడు.

"ఈ ముక్క డ్రైవరు చెవిన పడనివ్వకు. ఎంత తిట్టినా ఎనభై దాటడు, పిరికి సన్నాసి. అందుకే కదా ఈ సైజు వెతికి మరీ తెచ్చింది! ఇంతకీ, పెరిగేది ఐదేనా? ఇంతకన్నా పెద్దది పట్టదా?"

రోడ్డు వైపు తిరిగాను. వీధంతా వినేలా అరిచాను.

"బావా, ఆ మీటరును నమ్మకు!"