తామసప్పకు దీపం

ఈ కథలో నేను కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు. పుంగనూరు బస్టాండులో ఎవరినైనా నిలబెట్టి అడగండి, ఇదే చెబుతారు. చెప్పకపోతే వాళ్లు మదనపల్లె వాళ్లయి ఉంటారు.

"ఆ ఇల్లు వద్దంటే వద్దు," అన్నాడు మునికుమార్ ఫోనులో. అవ్వకు వినపడకుండా టమాటా చేనులో నాలుగు సాళ్లు దాటి వెళ్లి మరీ అన్నాడు.

అవతల ఐర్లాండులో నర్సు పని చేస్తున్న అతని భార్య మమత. "సిటీలో ఫ్లాటు అగ్గిపెట్టె మాదిరి ఉండాది. కిటికీ తెరిస్తే ఇంకో కిటికీ. ఈ ఊరు సూడు, మున్నూరేండ్ల నాటి రాతిండ్లు, పాత కోట గోడ, యాడ సూసినా పచ్చన. కుప్పం బండల్లో పెరిగినదాన్ని, ఈ పచ్చదనం సూస్తే నా కండ్లు సల్లగా ఉండాయి."

"పచ్చగా యాల ఉండదు? ఇంటెనకాల భూమిలో అంతమంది పండుకోనుండారు కదా."

ఆ ఇంటి పెరటి గోడకు ఆనుకునే చర్చి వాళ్ల సమాధుల తోట ఉంది.

వచ్చే నెల మునికుమార్, పాప, అవ్వ ఈశ్వరమ్మ, ముగ్గురూ అక్కడికి పోవాలి. మమతకు రాత్రి డ్యూటీలు. మునికుమార్‌కు దొరికిన గోడౌన్ పనీ షిఫ్టులే. అవ్వ రాకపోతే పాపను చూసే దిక్కు లేదు, మమత ఉద్యోగం మానుకోవాలి. కుప్పంలో ఉన్న మమత తల్లి ఊరు దాటి రానని ముందే చెప్పేసింది. ఈశ్వరమ్మేమో "ఇల్లు సూసినాక చెబుతా" అని నాన్చుతోంది.

మునికుమార్ భయం ఉత్తది కాదు. మదనపల్లెలో టమాటా మండీకి దగ్గరని శ్మశానం వెనక సందులో బాడుగ ఇల్లు చూపిస్తే, గడప కూడా తొక్కకుండా తిరుగు బస్సెక్కిన మనిషి ఆమె.

"సమాధుల మాట ఎత్తొద్దు. పార్కని చెప్పు."

"అవ్వకు అబద్ధం చెప్పాల్నా?"

"ఉద్యోగం మానుకుంటావా మరి?"

ఈశ్వరమ్మ చేను చివర కానుగ చెట్టు కింద ఉంది. ఆ పక్క రైతుల ఇళ్లలో పోయినవాళ్లను సొంత చేనులోనే పూడ్చుకుంటారు. ఆమె భర్త రామప్ప అక్కడే ఉన్నాడు. శుక్రవారం పొద్దు గూకితే ఆ సమాధి మీద దీపం పెట్టి, కాసేపు కూర్చుని, వారం రోజుల సంగతులన్నీ ఆయనకు చెప్పిగాని ఆమె ఇంటికి పోదు.

మునికుమార్ వచ్చి సమాధి అంచున కూలబడ్డాడు.

"లేయప్పా. మీ తాత కాళ్ల మీద కూచోనుండావు."

అతను లేచి, వీడియో పెట్టి ఫోను ఆమె ముందు పట్టుకున్నాడు. మమత వంటిల్లు చూపించింది, మెట్లు చూపించింది, పాపకు అనుకున్న గది చూపించింది.

"ఇంటెనకాల సూపించమ్మా."

మమత ఫోను పెరటి కిటికీ వైపు తిప్పింది. తెరంతా పచ్చ గడ్డి. గడ్డిలో అటూ ఇటూ వాలి నిలబడ్డ పాకుపట్టిన రాళ్లు.

"ఆ రాళ్లేందమ్మా?"

"పార్కవ్వా. కూచునే రాళ్లు."

"నిలువు రాళ్ల మీద ఎట్ల కూచుంటారు?"

"ఆ దేశపోళ్లు సన్నగుంటార్లే అవ్వా," అన్నాడు మునికుమార్.

"అయితే సమాధులు కావా?"

"కాదవ్వా, ఒట్టు," అన్నారు మొగుడూ పెళ్లాలు ఒక్కసారే.

ఈశ్వరమ్మ చేతిలోని వత్తి కింద పెట్టేసింది. ఆమె మొహం వాడిపోయింది. "అయితే నేను రాలేనప్పా. మీరు పొండి."

మునికుమార్‌కు ఏమీ అర్థం కాలేదు. "యాలవ్వా? సమాధులు లేవని చెబుతాంటే?"

"అందుకే. ఈడ మీ తాతకు పక్కింటి బుజ్జమ్మ దీపం పెడతానన్నాది, సరే. ఆడ నేనేం సేయాల? మీరు పనికి పోతారు, పాప నిద్రపోతాది. పొద్దు గూకితే ఎవురి కాడ కూచోవాల? ఎవురితో మాట్లాడాల?"

"మదనపల్లెలో శ్మశానం సూసి పారిపోయి వస్తివే?"

"అది కాల్చే చోటు. కాల్చినాక ఆడ పొగ తప్ప ఎవురుంటారు? పూడ్చినోళ్లయితే ఉంటారు."

మునికుమార్ ఫోను తన వైపు తిప్పుకున్నాడు. "మమతా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. రాళ్ల కాడికి పోయి సూపించు."

మమత పెరటి గేటు దాటింది. దగ్గరలో ఉన్న రాయి తెర మీదికి వచ్చింది. ఈశ్వరమ్మ కండ్లు చికిలించింది.

"ఎవురమ్మా ఆయన? పేరు సదువు."

"తామస్ అని ఉండాదవ్వా."

"తామసప్ప." పేరు ఒకసారి నోట్లో తిప్పుకుంది. "ఆయన మనుషులు వచ్చి పోతాంటారా?"

"ఎవురూ వచ్చినట్టు లేదవ్వా. మోకాలెత్తు గడ్డి పెరిగుండాది."

"అయితే ఆ ఇల్లే తీసుకో. శుక్రవారాలు నేను సూసుకుంటా."

పుంగనూరు బస్టాండులో మాత్రం ఎవరినీ అడక్కండి. మొదట కొంచెం గొప్పకు పోయాను, ఒక్క ముక్క కల్పించాను. తామస్ అన్న పేరు నేను పెట్టింది. ఆ రాయి వానలకు అరిగిపోయి ఉంది. మమత కొంగుతో ఎంత తుడిచినా ఒక్క అక్షరం కనపడలేదు.

"పేరు లేదవ్వా," అంది మమత భయంభయంగా.

ఈశ్వరమ్మ సమాధి మీద చెయ్యి ఆనించింది.

"మంచిదాయె. రామప్ప అనుకుంటాలే."