గడప దాకా రాని పేపరు

టప్‌మని చప్పుడైంది. నర్సన్న మంచం దిగాడు.

పక్షవాతం వచ్చిన కాలు ఈడ్చుకుంటూ వరండాలోకి వచ్చేసరికి పేపరు గేటు పక్కన మోరి అంచున పడి ఉంది. సగం నల్లటి బురదలో నానింది. కర్రతో లాగి రెండు వేళ్లతో ఎత్తితే మురికి కారింది.

"థూ! మళ్ల మోరిలనే ఏసిండు బేకార్‌గాడు. చేతులా, కట్టెలా అవి?"

భార్య సాయవ్వ పాలగిన్నె పట్టుకొని గేటు తెరుచుకొని వచ్చింది.

"పొద్దుగాల్నే ఎందుకు ఒర్లుతవు? ఏసెటోళ్లకు ఏం తిప్పలున్నయో."

తిప్పలట! నర్సన్నకు ఒళ్లు మండింది. బోధన్‌లో ఆయన ఏళ్ల తరబడి పేపర్ ఏజెంటు. బస్టాండులో కట్టలు దించుకొని, లైన్లు పంచి, పిల్లలను తోలేవాడు. కొత్తగా చేరినవాడికి ముందు నేర్పేది మడత. మూడు మడతలు వేసి కొస లోపలికి దోపాలి. సైకిలు ఆపకూడదు, కాలు కింద పెట్టకూడదు. విసిరితే గడప ముందే పడాలి. షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో సగం మంది ఆ చప్పుడుకే లేచేవారు. ఎంత బాగుండేవో ఆ పొద్దులు!

ఇప్పుడు చూడండి. మొన్న పేపరు గులాబీ ముళ్లలో పడింది. నిన్న గోడకు తగిలి బయటే పడితే, ఏరుకొని మళ్లీ విసిరినట్టున్నాడు, రెండు చప్పుళ్లు వినిపించాయి. ఏజెంటు అన్నవాడికి కాస్తయినా సిగ్గుండాలి.

అయినా ఆ దిక్కుమాలిన చప్పుడే ఆయనకు మందు. నడవమని డాక్టరు చెప్పాడు, భార్య బతిమాలింది. వినలేదు. పేపరు పడితే మాత్రం లేస్తాడు. వరండా దాకా ఆ కాసిన్ని అడుగులే ఆయన రోజంతటి నడక.

ఆ రోజు ప్రేమ్ చూడటానికి వచ్చాడు. ఒకప్పుడు ఆయన దగ్గర పేపర్లు వేసినవాడే. ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. నర్సన్న తడిసిన పేపరు అతని ముందు పడేశాడు.

"వాసన సూడు ప్రేమ్. పేపరేనా ఇది? మీరెట్ల ఏస్తుంటిరి!"

"గా రోజులు పోయినయన్నా. ఇప్పుడు ఎవలు సదువుతుండ్రు? అందరు ఫోన్లనే సూస్తుండ్రు. ఈ గల్లీల పేపరు మీకొక్కలకే కావచ్చు."

"ఒక్కలకైతే మాత్రం మోరిల ఏస్తరా? ఇజ్జత్ ఉండద్దా? రేపు గా పోరన్ని పట్టుకొచ్చి నా ముంగట నిలవెట్టు. మడత నేర్పుత. నేర్వకుంటే పేపరే బంద్. గీ రోత నాకొద్దు."

సాయవ్వ చాయ్ గ్లాసులు పెడుతూ ఆగిపోయింది.

"పట్టుకొచ్చుడెందుకు? మడతెట్లనో నాకు సూపియ్యి. నేను చెప్త."

"నువ్వు చెప్తె వస్తదా? చెయ్యి తిరగాలె." ఆయన మొహం తిప్పుకున్నాడు.

గేటు దాకా సాగనంపుతూ సాయవ్వ గొంతు తగ్గించింది.

"పోనియ్యి ప్రేమ్. పేపరు బంద్ అయితే మీ అన్న మళ్ల మంచం దిగడు."

"బంద్ కానియ్య వదినా. పోరన్ని ఏమనను. మంచిగ ఏసుడెట్లనో నేర్పిస్త, అంతే."

ఆమె ఇంకేదో అనబోయింది. లోపలి నుంచి నర్సన్న చాయ్ చల్లారిందని కేకేశాడు.

మరునాడు పొద్దున్నే ప్రేమ్ బండిని దూరంగా ఆపి, గల్లీ మలుపులో గోడ చాటున నిలబడ్డాడు. ఇంత కష్టపడి పట్టుకోబోయేది ఒక చేతకాని వెధవను. అతనికీ రోతగానే ఉంది. చిన్నప్పుడు తాను ఒక్కసారి గురి తప్పితే నర్సన్న ఎంత తిట్టేవాడు! వీడికి అలాంటి ఏజెంటు దొరకలేదు, అదే వీడి దరిద్రం అనుకున్నాడు. సైకిలు చప్పుడు కోసం చెవులు రిక్కించాడు.

సైకిలూ రాలేదు, పోరడూ రాలేదు. బస్టాండు వైపు నుంచి ఆయాసపడుతూ నడిచొచ్చిన సాయవ్వ, అడుగుల చప్పుడు లోపలికి వినపడకుండా చెప్పులు విడిచి, కొంగు చాటున దాచిన పేపరు తీసి, బలమంతా పెట్టి గోడ మీదుగా విసిరింది.