ఇంటి పని

“నానమ్మకి స్నానం చేయించడం సేవ కాదమ్మా, ఇంటి పని. విదేశాల్లో పెద్ద యూనివర్సిటీ వాళ్ళు సీటిచ్చే ముందు చూసేది సేవ. దానికి సర్టిఫికెట్ ఉండాలి, ఫోటోలుండాలి,” అన్నాడు నాన్న.

ఆవిడని ఎత్తి కూర్చోబెట్టడం ఇంట్లో నాకొక్కదానికే చేతనవును. ఆ మాటా చెప్పాను. చెవిన పెడితేనా.

శనివారం శనివారం వృద్ధాశ్రమానికి పంపాడు. అక్కడ ముసలమ్మలకి ఆయాలు పొద్దున్నే జడలు వేసేసేవారు. ఫోటో కోసం నేను వాటిని విప్పి మళ్ళీ వేసేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో నానమ్మ జుట్టేమో చిక్కులు కట్టి ఉండేది.

నిన్న నేను అక్కడ ఉండగానే నానమ్మ నీళ్ళ కోసం లేవబోయి మంచం మీంచి పడింది. తుంటి విరిగింది.

ఆసుపత్రి వరండాలో నాన్న నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

“ఏడవకు. ఇదంతా యూనివర్సిటీకి పంపే వ్యాసంలో రాయి. ఇలాంటి కష్టమే వాళ్ళకి కావాల్సింది.”

“రాస్తాను నాన్నా,” అన్నాను. “నీళ్ళు, నీళ్ళు అని ఆవిడ పిలుస్తూనే ఉందట. పక్క గదిలో నా అప్లికేషన్ నింపుతూ కూర్చున్న కొడుకు లేవలేదని కూడా రాస్తాను.”