పన్నెండు అడుగుల దగ్గర

"ఈ పలక గుల్లగా మోగట్లేదు సార్. పైన ఏదో బరువుంది," అన్నాడు నిచ్చెన మీదున్న మెకానిక్, స్క్రూడ్రైవర్ పిడితో ఫాల్స్ సీలింగ్‌ని మళ్ళీ తడుతూ.

కింద నిలబడ్డ ఫిజిక్స్ మాస్టారు చటుక్కున నిచ్చెన పట్టుకున్నాడు.

అక్కడున్నది అమ్మ నగలు. రెక్సిన్ సంచిలో నలభై తులాలు. అమ్మ పోయాక పెట్టె తెరిస్తే ఖాళీగా ఉందని అక్క చేతిలో చెయ్యేసి చెప్పి ఏడు నెలలైంది. ఆ సంగతి భార్యకి కూడా తెలియనివ్వలేదు. వదినామరదళ్ళిద్దరూ రోజూ గంటసేపు ఫోన్లో మాట్లాడుకుంటారు. ఈవిడ కడుపులో మాట ఒక్క పూట దాగదని ఆయన నమ్మకం.

ఏసీ పైపు అయ్యుంటుంది, ముందు కిందికి దిగి కొలతలు సరిచూసుకోమన్నాడు మాస్టారు. మెకానిక్ దిగాడు. తెర రావలసిన గోడ దగ్గర టేపు పెట్టి గది మధ్యకి లాగాడు. గోడ నిండా బొమ్మ పడాలంటే ప్రొజెక్టర్ సరిగ్గా పన్నెండు అడుగుల దగ్గర వేలాడాలన్నాడు. పన్నెండు అడుగులు పోయి పోయి ఆ పలక కిందే ఆగాయి.

"పలక తీసెయ్యాలి సార్. క్లాంపు పైన స్లాబుకే బిగించాలి. ఈ అట్టకి బిగిస్తే సినిమా మధ్యలో మీ నెత్తినే పడుతుంది."

ఒక అడుగు ముందుకి జరపమన్నాడు మాస్టారు. అప్పుడు బొమ్మ చిన్నదవుతుందట. వెనక్కి జరపమన్నాడు. అప్పుడు సగం హీరో తలుపు మీద పడతాడట. పోనీ బల్ల మీద పెడదామంటే, భార్య లేచి గది మధ్యలో అడ్డంగా నిలబడి చూపించింది. "మంచినీళ్ళకని ఎవరు లేచినా తెర మీద వాళ్ళ తలకాయే కదండీ."

మాస్టారు చెమట తుడుచుకుని పాఠం మొదలుపెట్టాడు. ప్రొజెక్టర్‌కి చీకటి కావాలి. కిటికీలకి మందపాటి తెరలు కావాలి. దాని ఫ్యాను రొద పెడుతుంది. పగలు చూస్తే బొమ్మ కడిగేసినట్టుంటుంది. టీవీకి ఈ తంటాలేవీ లేవు.

"నిన్నటిదాకా టీవీ అంటే కరెంటు తినేస్తుందన్నారుగా," అంది భార్య. "ఇవాళ ఏమైంది మీకు?"

"నిన్న అంతగా ఆలోచించలేదు."

"నేను ఆలోచించాను. నాకు గోడంత బొమ్మ కావాలి. బాబూ, నువ్వెక్కు."

మెకానిక్ ఎక్కాడు. అరచెయ్యి పలకకి ఆనించి పైకి నెట్టాడు. పలక ఓ అంగుళం లేచింది. సన్నటి తెల్లదుమ్ము మాస్టారి కళ్ళజోడు మీద రాలింది. పైన ఏదో బరువుగా పక్కకి జారిన చప్పుడు ఆయనకి స్పష్టంగా వినబడింది.

"టీవీ," అన్నాడు మాస్టారు. "టీవీయే కొంటున్నాం. నువ్వు దిగు."

మెకానిక్ చెయ్యి అలాగే ఉంచి అమ్మగారి వంక చూశాడు. ఎన్ని అంగుళాలని ఆవిడ మెల్లగా అడిగింది. నలభై మూడు చాలన్నాడు మాస్టారు. ఆవిడ నిట్టూర్చి పైకి చూసింది. ఆ మాత్రానికి ప్రొజెక్టరే నయం, పలక తీసెయ్యమంది. యాభై అయిదన్నాడు. ఆవిడ ఇంకా పైకే చూస్తోంది. డెబ్బై అయిదన్నాడు. మెకానిక్ చేతి కింద పలక కిర్రుమంది.

"ఎనభై అయిదు," అన్నాడు మాస్టారు.

"స్పీకర్లు?"

"స్పీకర్లూ కొందాం. ముందు అతన్ని దిగమను."

మెకానిక్ పలక సర్దేసి దిగాడు. మాస్టారు ఫోన్లోంచి అడ్వాన్సు పంపుతూ కంగారులో ఒకసారి పిన్ తప్పు కొట్టాడు. మోడల్ తను చూసి చెబుతానని, ఆటోలో మెకానిక్ వెంట షాపుకి బయల్దేరింది భార్య. గోడకి స్టాండు బిగించడానికి రేపు రావాలి కాబట్టి నిచ్చెన ఇక్కడే ఉంచుతానన్నాడు మెకానిక్. మాస్టారికి అతన్ని కావలించుకోవాలనిపించింది.

ఆటో చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఆగి, తలుపు గడియ పెట్టాడు. నిచ్చెన ఎక్కాడు. పలక పక్కకి తోసి, దుమ్ములో చెయ్యి పెట్టి తడిమాడు. తగిలింది. సంచి ఉంది, జిప్పు వేసే ఉంది, బరువూ ఉంది. ఇంక ఈ ఇంట్లో ఉంచడానికి వీల్లేదు. రేపే కాలేజీకి పట్టుకెళ్ళి, లాబ్‌లో తుప్పు పట్టిన భూతద్దాల బీరువాలో పెట్టెయ్యాలి. ఆ బీరువా జోలికి ఎవరూ రారు.

నిచ్చెన మీదే కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని జిప్పు లాగాడు.

లోపల గులకరాళ్ళున్నాయి. వాటి మీద నాలుగు మడతల కాగితం. విప్పితే అక్క గుండ్రటి దస్తూరి.

"తమ్ముడూ, అమ్మ నగలు నాకు చేరాయి. మరదలికి మొదట్నుంచీ టీవీయే ఇష్టం."