ఎర్ర కారుకు మూడో సెట్టు

ఓబుళేశుకు రోత పుట్టింది. మూడోసారి స్పీకర్లు మార్పించినా కారులో పాట దుప్పటి కప్పుకుని పాడినట్టే ఉంది.

"ఛీ, ఇదేం సెట్టప్పా?" అన్నాడు కిటికీ అద్దం దించి. "డోలు దబదబ కొడతాండాది. పాడే మనిషి యాడుండాది?"

కర్నూల్లో కారు స్పీకర్ల షాపు నడిపే జ్ఞానరాజు వంగి ఏదో అన్నాడు. ఎప్పటిలాగే మీసాల్లోనే అన్నాడు.

"గొణగొద్దు. నోరు తెరిచి చెప్పు."

జ్ఞానరాజు ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. "సన్నటి గొంతుకు ఇంతకన్నా మంచి స్పీకర్లు ఈ ఊర్లో దొరకవు సార్. పాప కూడా శానా బాగా పాడింది. మా చర్చిలో ఇట్లా పాడేవాళ్ళు లేరు."

బేరం నిలబెట్టుకోవడానికి ఈ టౌనోళ్ళు ఎంతైనా పొగుడుతారు. ఓబుళేశు అద్దం ఎక్కించాడు.

అసలు కర్నూలు మనుషులంటేనే అతనికి గిట్టదు. ఒక్కడికీ గొంతు పెగలదు. బేతంచెర్లలో తన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ అలా కాదు. మీసాలు రాకముందు నుంచీ అట్లాంటి మిషన్ల పక్కన నిలబడే పని చేశాడు, తర్వాత చేయించాడు. అక్కడ మేస్త్రీ అయినా, నిన్న చేరిన కూలీ అయినా అరిచే మాట్లాడతారు. ఇంట్లో భార్య గురమ్మకూ అదే అలవాటైంది. అన్నానికి పిలిచిందంటే వీధి చివరిదాకా వినబడుతుంది. మాటంటే అట్లుండాలి. ఈడ బతికే జనం తిండి తింటారో, గాలి భోంచేస్తారో మరి.

ఈ ఎర్ర స్పోర్ట్స్ కారు రాళ్ళ వ్యాపారం పుంజుకున్న కొత్తలో బెంగళూరు వెళ్ళి కొన్నది. రెండే సీట్లు. ఒకటి తనది, రెండోది కూతురు లక్ష్మీప్రియది. నేలకు ఆనుకున్న సీటులో కూర్చోనని గురమ్మ మొదటిరోజే తేల్చి చెప్పింది. చిన్నప్పుడు లక్ష్మీప్రియ ఆ సీట్లో కూర్చుని క్యాసెట్‌తో పోటీపడి పాడేది. ఫ్యాక్టరీకి వస్తే ఆ పిల్ల గొంతు మిషన్ల రొదను చీల్చుకుని వచ్చేది. కూలీలు పని ఆపి వినేవాళ్ళు.

ఇప్పుడు బండి ముసలిదైపోయింది. ఇండికేటర్ వేస్తే టిక్కుటిక్కుమనడం కూడా మానేసింది. మెకానిక్కుకు చూపిస్తే అంతా బాగుందంటాడు, పనిదొంగ.

పోయిన వారం లక్ష్మీప్రియ హైదరాబాదు స్టూడియోలో పాడిన తన మొదటి పాట పంపింది. కింద ఇలా రాసింది: "నాన్నా, ఫోన్లో వినొద్దు. మన కార్లో విని చెప్పు. నువ్వు పనికొస్తావంటే పాటే పట్టుకుంటా. లేదంటే బ్యాంకు ఉద్యోగంలో చేరిపోతా. సోమవారం లోపల వాళ్ళకు ఏదో ఒకటి చెప్పాల."

ఈ రోజే సోమవారం. బిడ్డ బతుకు తన ఒక్క మాట మీద ఆగి ఉంది.

అందుకే పాత క్యాసెట్ ప్లేయర్ పీకించాడు. తలుపుల్లో కొత్త స్పీకర్లు, ముందు అద్దం పక్కన సన్నటి శబ్దాల కోసం గుండీలంత చిన్న స్పీకర్లు, సీట్ల వెనక ఆంప్లిఫయర్ పెట్టించాడు. బాగాలేదని అవీ పీకించాడు. తర్వాత ఖరీదైనవి తెప్పించాడు. అవీ అంతే. ఇప్పుడు విదేశీ సరుకట. దీని ముఖానికి అదొక్కటే తక్కువ.

కాలమే ఇట్లా తగలడింది. వస్తువులో సత్తా లేదు, మనిషిలో సత్తా లేదు. బనగానపల్లె దగ్గర తన మామిడి తోటలో ఈ ఏడు కోయిల కూడా కూయలేదు. చెట్లకు మందులు కొట్టి కొట్టి వాటినీ చంపి ఉంటారు, పాపిష్టోళ్ళు.

ఆఖరుసారి అనుకుని సౌండు పూర్తిగా పెంచాడు. సీటు అదిరింది. డాష్‌బోర్డు మీద అతికించిన దేవుడి బొమ్మ ఊగింది. ఓబుళేశు కళ్ళు మూసుకుని విన్నాడు. డోలు బాగానే వచ్చింది. కూతురి గొంతు మాత్రం ఎక్కడో దూరంగా ఉంది. పాట పైకి వెళ్ళాల్సిన చోటల్లా ఆ గొంతు చచ్చిపోతోంది. ఒక్క మాటా తెలియలేదు.

మూడు సెట్లూ చెడ్డవి ఎట్లా అవుతాయి?

తప్పు స్పీకర్లది కాదు. పిల్ల గొంతుదే. ఈసారి రోత అతనికి తన మీదే పుట్టింది. చిన్నప్పటి మురిపెంతో లేనిపోని ఆశలు పెట్టి ఇంతదాకా తెచ్చింది తనే. తల్లిదండ్రులు కాక ఇంకెవరు చెబుతారు ఇట్లాంటి మాట? నలుగురిలో నవ్వులపాలు కాకముందే చెప్పెయ్యాలి.

పాట మోగుతుండగానే ఫోను తీశాడు. "గొంతులో పస లేదు తల్లీ. పాట మానెయ్. ఉద్యోగంలో చేరు" అని కొట్టాడు. రాసింది ఒకసారి చదువుకున్నాడు. తర్వాత పంపేశాడు.

జవాబు వెంటనే వచ్చింది.

"సరే నాన్నా. చేరతానని వాళ్ళకు చెప్పేసినా."

ఓబుళేశు కళ్ళు తుడుచుకున్నాడు. ఈ దరిద్రమంతా పీకి అవతల పారేసి, పాత క్యాసెట్ ప్లేయరే మళ్ళీ బిగించమని చెప్పడానికి, పాట ఆపకుండానే తలుపు తెరిచాడు.

బయట జ్ఞానరాజు, టీ బంకు అతను, రోడ్డు అవతల మందుల షాపు ముందు నిలబడ్డ జనం, అందరూ రెండు చెవులూ గట్టిగా మూసుకుని కారు వైపే చూస్తున్నారు.