కష్టమైన పేర్లు

టొలీడోలోని బారులో డ్వేన్ అందరి ముందూ నిలబడి, టీనేజి ప్రేమనవల గొంతెత్తి చదివాడు. నిజమైన ఆటగాళ్లతో కాగితం మీద జట్లు కట్టి, వాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి పాయింట్లు లెక్కేసే ఫాంటసీ బేస్‌బాల్‌లో అతను ఆఖరున నిలిచాడు. గెలిచిన భార్య వెర్నా వేసిన శిక్ష అది.

మార్చిలో మిత్రులంతా ఊహాజట్లకు ఆటగాళ్లను ఎంచుకుంటున్నప్పుడు అతనే వెర్నాను వెక్కిరించాడు. "ఏం చూసి తీసుకున్నావే వీళ్లని?"

"స్పెల్లింగ్ బీ పోటీల పిచ్చిదాన్ని కదా! పేరు రాయడం కష్టమైతే తీసేసుకున్నా."

మిత్రులు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

ఇప్పుడు కారెక్కగానే డ్వేన్ బతిమాలాడు. "వచ్చే ఏడు నాక్కూడా నాలుగు కష్టమైన పేర్లు చెప్పవే."

వెర్నాకు నవ్వాగలేదు. "పేర్లూ లేవు, గీర్లూ లేవు. ఇన్నేళ్లూ సోఫాలో నీ పక్కనే కూర్చుని ప్రతి ఆటా చూశాను. స్కోరెంతని ఒక్కసారైనా నన్నడిగావా?"