పాత కుంటు

“ఎప్పట్నించి కుంటుతున్నారండీ?” ప్రేమానందం అడిగాడు.

లేబర్ క్యాంపు గదిలో మంచం మీదున్న ఎల్లన్నకు ఒళ్ళు మండింది. “పరంజ మీదికెల్లి పడ్డ సార్. తుంటి ఇరిగింది. సైటంత సూసింది, మీకెర్క లేదా?”

“పడ్డ సంగతి కాదండీ. అంతకు ముందు?”

ఎల్లన్న దుప్పటి ఎడమకాలి మీదికి లాక్కున్నాడు. చిన్నప్పుడు బండి చక్రం కాలి మీదుగా పోయింది. అప్పట్నించి ఆ కాలు కాస్త ఈడుస్తాడు. వీసా కోసం చేసిన వైద్యపరీక్ష ఎలా గట్టెక్కించాడో ఇక్కడికి పంపిన ఏజెంటుకే తెలియాలి.

సౌదీలో, ఉనైజా ఊళ్ళోని ఆ బిల్డింగు కంపెనీలో ఇప్పటిదాకా ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలినవన్నీ పాతవే. వేలు తెగినా, వెన్ను విరిగినా, అవి ఇండియా నుంచి లగేజీతోపాటు దిగినవేనని తేల్చడం హెచ్చార్ ప్రేమానందం ఉద్యోగం. పాతదని సర్కారు బీమా మెడికల్ కమిటీ ఒప్పుకుంటే పరిహారం లేదు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కించడమే. భీమవరం మనిషి, ఎదుటివాణ్ణి ‘అండీ’ అనకుండా పలకరించడు. అంత మర్యాదగా గొంతు కోసేవాణ్ణి క్యాంపులో ఎవరూ చూడలేదు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు గౌస్ మొహిద్దీన్ అతన్ని పిలిచాడు.

“ఆ లంగ్డాగాని కేసు గెలిపియ్యి ప్రేమానందం. మనిషికింతని సర్కారుకు లెవీలు కట్టీ కట్టీ కంపెనీ పాణం పోతున్నది.”

“అలాగేనండి. మరి నా సంగతేం చేశారండీ?”

“నితాఖాత్ భాయ్, సర్కారు రూలు! నీ కుర్చీల సౌదీ మనిషిని కూసోబెట్టాలె. నెలాఖరుకు నీకు గూడ ఎగ్జిట్. ఏం జేస్తం?”

“పద్నాలుగేళ్ళు చేశానండి.”

“అందుకే మంచి సర్టిఫికెట్ ఇస్తున్న,” అన్నాడు గౌస్ ఉదారంగా.

పోయే ఉద్యోగానికి కూడా ప్రేమానందం చెమటోడ్చడం చూసి క్యాంపు ముక్కున వేలేసుకుంది. అతను సాక్షిని వెతికాడు. ఆ సాక్షి ఎవరో కాదు, ఎల్లన్న గదిలోనే వంట చేసే మొండయ్య.

“ఎల్లన్న వచ్చిన రోజు నుంచీ కుంటేవాడేనాండీ?”

“అవు సార్.”

“చూస్తే తెలిసిపోద్దాండీ?”

“గుడ్డోనికి గూడ తెలుస్తది సార్.”

“ఈ మాటే చెప్పండి. ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

ఆ రాత్రి మొండయ్య పెట్టిన అన్నం ఎల్లన్న ముట్టలేదు. “నువ్వు గూడ ఆళ్ళ దిక్కేనారా? ఇంకో ఇటుక ఎత్తలేను నేను. ఉత్తచేతులతోని పోతే ఇంట్ల ఏం తింటరు?”

“ఉన్నదే చెప్పమన్నడన్నా,” అన్నాడు మొండయ్య తలవంచుకుని. ఎల్లన్న గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

కమిటీ రోజు ఎల్లన్నను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. వచ్చిన రోజు నుంచీ కుంటేనని, గుడ్డోనికి గూడ తెలుస్తదని మొండయ్య చెప్పమన్నది చెప్పాడు. ప్రేమానందం దాన్ని ఇంగ్లీషులో ఇంకా నున్నగా చేసి వినిపించాడు. కాలు చూసిన పెద్ద డాక్టరు తలాడించాడు.

“నిజమే, ఈ కుంటు పాతదే. దానివల్లే పడ్డాడు. బీమా రాదు.”

ఎల్లన్నకు ఆ ఇంగ్లీషు అర్థం కాకపోయినా గౌస్ మొహం వెలిగిపోవడం కనిపించింది. తన బతుకు అక్కడితో తెల్లారిపోయిందనుకున్నాడు.

“ఇంకొక్క ప్రశ్న,” అన్నాడు డాక్టరు. “కాలు బాగాలేదని ఇతను కంపెనీ దగ్గర దాచి ఉంటే తప్పు ఇతనిదే. ఇప్పుడే పంపించేయవచ్చు. తెలిసీ ఎత్తు మీద పనికి పెట్టి ఉంటే మాత్రం వైద్యం, పరిహారం, ఇతని బతుకు భారం మొత్తం కంపెనీదే. పనులు పంచింది హెచ్చార్. మీరు చెప్పండి, కంపెనీకి తెలుసా?”

గౌస్ కుర్చీలో వెనక్కి వాలాడు. ‘తెలియదు’ అని ఒక్క మాట అంటే చాలు, కేసు ముగిసిపోతుంది. పద్నాలుగేళ్ళుగా కంపెనీకి ఏది కావాలో అదే చెప్పిన మనిషి అతను.

ప్రేమానందం లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

“తెలిసే పరంజ ఎక్కించామండీ.”